పడింది బావా, పడింది!

శనివారం నుంచి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. తీసింది మా బావ. అందులో ఉన్నది నేను.

పెన్సిల్వేనియాలో కార్లైల్ దగ్గర లెటార్ట్ అని ఒక చిన్న వాగు. సున్నపురాతి నేలలోంచి ఊరే నీళ్లు, నడివేసవిలో కూడా జిల్లుమంటాయి. బ్రౌన్ ట్రౌట్ చేపలు బాగా పెరుగుతాయి కానీ, గట్టు మీద అడుగు చప్పుడైతే చాలు మాయం. ఫిషింగ్ లైసెన్సు తీసుకోవాలి, ట్రౌట్‌కి ఇంకో పర్మిట్ వేరే. ఇంతా చేసి పట్టిన చేపని తిరిగి నీళ్లలో వదిలేయాలి. మా ఊరి పంటకాలవలో వెదురుకర్రకి వానపాము గుచ్చి కొరమీనులు పట్టినవాణ్ణి, ఇక్కడ వానపాము అన్నందుకే బావ నన్ను దొంగని చూసినట్టు చూశాడు. ఎర బదులు ఈక, దారం కట్టిన 20 నంబరు గాలం ఇచ్చాడు, ఫ్లై ఫిషింగ్ అంటే ఇదేనట. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందట, ఆవగింజంత ఉంది.

కర్ర వెనక్కి ఊపి ముందుకు విసిరాను. దారం బిగుసుకుంది. కర్ర విల్లులా వంగింది. "పడింది బావా, పడింది!" అని అరిచాను. బావ ఫోన్ తీసి, "లాగకురా, ఆడించు, అలసిపోనీ" అన్నాడు. ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టి ఏడాది కాలేదు, మాట్లాడితే మాత్రం ఆ వాగు తవ్వించింది తనే అన్నట్టు ఉంటుంది. సరే, ఆడించాను. నేను కర్ర ఎత్తితే ఎవరో మెడ పట్టి వెనక్కి గుంజుతున్నారు, దించితే వదులుతున్నారు. చలికి మెడ పట్టేసిందనుకున్నాను. చేప బలం చూసి భయమేసింది కూడా, ఒక దశలో కాళ్లు విడదీసి, పళ్లు బిగపట్టి, ఆంజనేయస్వామిని తలుచుకున్నాను. నీళ్లలో మాత్రం అల కూడా లేదు. అవతలి గట్టున ఒక తెల్ల పెద్దాయన కాసేపు చూసి, టోపీ తీసి, చాలా మర్యాదగా తన వీపు తట్టి చూపించాడు.

గాలం నా స్వెట్‌షర్టు టోపీలో ఉంది.

బావకి మొదటి నుంచీ కనిపిస్తూనే ఉందట. వీడియో కింద "78 కేజీలు, రూలు ప్రకారం వదిలేశాం" అని రాశాడు. అక్క నాలుగు నవ్వు బొమ్మలు పెట్టింది. నా బరువు 74.