అమృతం లేని జాబితా ఏం జాబితా?

తప్పక చూడాల్సిన సిరీస్‌లంటూ మీరు ప్రచురించిన జాబితా చూశాను, అన్నీ విదేశీ క్రైమ్ కథలే. మన టీవీలో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవి లేవన్న మీ మాట మాత్రం ఒప్పుకోను.

2001లో జెమినీ టీవీలో మొదలైన కామెడీ సీరియల్ ‘అమృతం’ ఉంది కదా! నల్లగొండలో మా ఇంట్లో ఇప్పటికీ రాత్రి అన్నాలప్పుడు యూట్యూబ్‌లో అదే నడుస్తుంది. అమృతరావు పాత్రలో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ మారారు. అయినా కథ కుంటుపడలేదు, ఎందుకంటే అతని స్నేహితుడు ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారు మారలేదు. డబ్బు సంపాదించే ఉపాయం తట్టగానే ఆయన ముఖం వెలిగిపోతుంది. అది బెడిసికొట్టబోతోందని తెలిసిన క్షణంలో నోట మాట రాక గుటకలు మింగుతారు. ఆ గుటకలకే మా అమ్మ నవ్వు ఆపుకోలేదు. వెకిలి మాటలు లేవు, ఎవరినీ కించపరచడం లేదు. అద్దె కోసం వచ్చే అప్పాజీ మీద కూడా మనకు కోపం రాదు. 2018లో హనుమంతరావు గారు పోయినప్పుడు మా ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

పిల్లలుంటే శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’ సీరియల్ చూపించండి. హిందీ అని భయపడక్కర్లేదు, మా ఆరో తరగతి బాబుకే అర్థమవుతోంది. తండ్రి మామిడిపండ్ల లెక్క ఇస్తే, అవి పండాయా లేదా అని అందులోని స్వామి అనే పిల్లాడు ఆలోచిస్తాడు. లెక్కలంటే టెన్షన్ పడే మావాడు ఆ సీన్ మళ్లీ మళ్లీ పెట్టమంటాడు.

దయచేసి ఈ రెండూ మీ జాబితాలో చేర్చండి.