చచ్చినవి కూడా ఈదాయి

రాత్రి పదకొండు దాటింది. మైక్రోస్కోప్ కింద ఈ.కోలై బ్యాక్టీరియాలు, వాటి మధ్య నేను కలిపిన మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) సైజు ప్లాస్టిక్ పూసలు, అన్నీ బారులు తీరి ఎడమ వైపుకి పోతున్నాయి. ఒక్కటీ దారి తప్పడం లేదు. నా గుండె ఆగినంత పనైంది.

ఎందుకంటే ఆ లోకంలో ఎవరి ఈత వాళ్లది కాదు. 2 మైక్రాన్ల ప్రాణికి నీళ్లలో ఈదడమంటే మనం తారులో దిగినట్టే. ఈత ఆపితే ఆపినచోటే నిలబడిపోతుంది, పరమాణువంత దూరం కూడా జారదని 1977లో పర్సెల్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కకట్టి చెప్పాడు. ఈదేటప్పుడు ఈ.కోలై నీటిని ముందుకూ వెనక్కూ నెట్టి, పక్కల నుంచి లాక్కుంటుంది. దాంతో పక్కన ఈదేవాడు పిలవకుండానే మీదికి వచ్చేస్తాడు. ఒకడు కదిలితే వీధంతా కదులుతుందన్నమాట. అలాంటిది వందలమంది కూడబలుక్కుని ఒకే దిక్కుకి బయల్దేరారంటే? రాయబోయే పరిశోధన పేపర్‌కి పేరు కూడా పెట్టేశాను.

ఆగలేక గైడ్‌గారికి ఫోన్ కొట్టాను. "సార్, సమష్టి ఈత!"

పాపం, నిద్రమొహంతోనే వచ్చారు. ఐపీస్‌కి కన్ను ఆనించి చాలాసేపు మాట్లాడలేదు. నేను మెచ్చుకోలు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఆ మూలది మెలికలు తిరగట్లేదేం?"

"అది చచ్చిపోయిందండీ."

"మరి అదీ వెళ్తోందేం? మిగతావాటంత వేగంగా?"

ఆ క్షణంలో ఆ గదిలో బ్యాక్టీరియా కన్నా చిన్నవాణ్ణి నేనే.

స్లైడ్ బయటికి తీశాం. కవర్‌స్లిప్ (స్లైడ్ మీద మూసే పలచటి గాజుబిళ్ల) కింద నీరు ఆరిపోకుండా అంచులకి గోళ్లరంగు పూయడం ల్యాబుల్లో మామూలే. అక్కని బతిమాలి తెచ్చుకున్న ఎర్ర సీసా అడుగంటితే, ఎదురెదురు మూలలు రెండు వదిలేశాను, అంత సందు ఏం చేస్తుందిలే అని. ఒక మూల నీరు ఆవిరవుతోంది, రెండో మూల గాలి దూరుతోంది, మధ్యలో నీరంతా నడుస్తోంది. బతికినవీ చచ్చినవీ పూసలూ దాని వెంట. నేను మూడు గంటలు వీడియో తీసింది దీన్నే!

మర్నాడు కొత్త సీసాతో చుట్టూ రెండు పూతలు పూశాను. ఊరేగింపు ఆగింది. కానీ గాజుకి దగ్గరగా ఉన్నవి గానుగెద్దుల్లా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. ఇది మాత్రం అసలైనదే. వాటి ఒళ్లు ఒక వైపు, తోకలు ఇంకో వైపు తిరుగుతాయి, పక్కనున్న గాజు రెంటినీ చెరోవైపు లాగేసరికి దారి వంకరపోతుంది.

అయినా ఫోన్ జేబులోంచి తీయలేదు. ముందు నాలుగు మూలలూ తడిమి చూశాను.