కత్తెర ఎప్పుడూ అటే

2025లో ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ రోవర్స్ మహిళా ఫుట్‌బాల్ జట్టు రెండో అంచె లీగ్‌లో ఉండే అర్హత పోగొట్టుకున్నది మైదానంలో ఓడి కాదు. తర్వాతి సీజన్ లైసెన్సుకు కావలసిన సౌకర్యాలు, వైద్యం, క్రీడాకారిణుల సంక్షేమం మీద ఖర్చు చేయడానికి యాజమాన్యం చేతులెత్తేసింది. ఆ యాజమాన్యం పుణె కేంద్రంగా కోళ్ల వ్యాపారం చేసే వెంకీస్, తెలుగువాడైన బి.వి.రావు నెలకొల్పిన సంస్థ. 2010లో క్లబ్బును కొన్నది వారే. ఎక్కడో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌ గొడవలే అని మనం ముఖం తిప్పుకోవడానికి వీల్లేదు.

1991లో పుట్టిన జట్టు ఇది. వరుసగా మూడేళ్లు మూడో అంచె ఉత్తర విభాగంలో అగ్రస్థానంలో నిలిచినా, పై అంచెకు వెళ్లే ప్లేఆఫ్‌లో రెండుసార్లు ఓడిపోయింది. మూడోసారి, 2019లో గానీ రెండో అంచె తలుపు తెరుచుకోలేదు. ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఆడిన కీరా వాల్ష్, జార్జియా స్టాన్‌వే, ఎల్లా టూన్ ఆ చొక్కా వేసుకుని ఎదిగినవారే. 2022 మహిళల యూరో కప్ ఫైనల్లో, వెంబ్లీలో 87,192 మంది చూస్తుండగా ఇంగ్లండ్ తొలి గోల్ కొట్టింది టూన్.

క్లబ్బు నష్టాల్లో ఉందని, భారత్ నుంచి డబ్బు పంపడానికి కోర్టు అనుమతులు తెచ్చుకోవలసి వచ్చిందని అంటారు. నిజమే. ఆ నష్టాలు మహిళలు తెచ్చిపెట్టినవా? పురుషుల జట్టు జీతాల పద్దులో చిల్లరంత కూడా కాని మహిళల పద్దు మీద కత్తెర వేయడం పొదుపు ఎలా అవుతుంది?

ఈ కత్తెర కొత్తది కాదు. పక్కనే ఉన్న ప్రెస్టన్‌కు చెందిన డిక్ కెర్ ఫ్యాక్టరీ మహిళల జట్టు ఆట చూడటానికి 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కు మైదానానికి 53,000 మంది వచ్చారు. ఏడాది తిరగకముందే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ సంఘం తన పరిధిలోని మైదానాల గేట్లు వారికి మూసేసింది. ఆ నిషేధం యాభై ఏళ్లు నడిచింది. ఆ తర్వాత నిషేధం అక్కర్లేకుండానే అదే పని జరుగుతోంది. 2005లో మాంచెస్టర్ యునైటెడ్ తన మహిళా జట్టును రద్దు చేసింది. 2017లో నాట్స్ కౌంటీ సీజన్ మొదలయ్యే ముంగిట మూసేసింది. 2024లో రీడింగ్ రెండో అంచె నుంచి తప్పుకుంది. 2025లో బ్లాక్‌బర్న్. రేపు ఇంకో క్లబ్బు లెక్కల పుస్తకం తెరిచి ఇదే పేజీ చూపిస్తుంది.

లీగ్ అధికారులు ప్రమాణాలు పెంచి ఊరుకుంటే సరిపోదు. పురుషుల జట్టు నడిపే యజమాని మహిళా జట్టును ఇష్టమొచ్చినప్పుడు వదిలించుకునే వెసులుబాటు ఉన్నంతకాలం ఆ ప్రమాణాలు సాకులుగానే పనికొస్తాయి. గోల్ కొట్టినప్పుడు టూన్ మా పిల్లే అని చెప్పుకునే క్లబ్బుకు, ఆ పిల్ల ఆడిన జట్టుకు డాక్టరును పెట్టడానికి చేయి రాలేదు. వెంకీస్ కొన్నది క్లబ్బును. అందులో సగాన్ని మాత్రమే కాదు. నడపడం చేతకాకపోతే అమ్ముకుని పోవాలి.