అచ్చు కాగితం గారికి, పోపులపెట్టె తరఫున

అయ్యా అచ్చు కాగితం గారూ,

నమస్కారం. మీ ముందు నోరు విప్పాలంటే కాస్త భయమే, ఎందుకంటే మీ మీద లేనిది లోకంలోనే లేనట్టు లెక్కని మాకు 1995లోనే తెలిసొచ్చింది. ఆ ఏడాది మార్చిలో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి పసుపు మీద పేటెంట్ ఇచ్చారు. పసుపుతో గాయం మానుతుందట, అది కొత్త సంగతట! కనిపెట్టిన ఇద్దరూ మన మూలాలున్నవాళ్లే.

మా అమ్మమ్మ కత్తిపీట మీద వేలు తెగితే కూర తరగడం ఆపేది కాదు. ఎడం చేత్తో పోపులపెట్టె మూత తీసి, చిటికెడు పసుపు అద్ది, పాతచీర పేలిక చుట్టి, "ఏం కాదులే" అని మళ్లీ వంకాయల మీద పడేది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆవిడ సాక్ష్యం చెల్లదు. వాడకమంటే అమెరికాలో జరిగిన వాడకమే, వేరే దేశానిదైతే అచ్చయి ఉండాలి. ఆవిడకేమో సంతకమే రాదు, వేలిముద్ర. ఆ వేలికీ పసుపే.

చివరికి మీరే ఆదుకున్నారు, కాదనను. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ వాళ్లు 1996లో అమెరికా పేటెంట్ ఆఫీసుకి వెళ్లి పాత గ్రంథాల దగ్గర్నుంచి 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం దాకా 32 ఆధారాలు ముందు పెడితే 1997లో ఆ పసుపు పేటెంట్ రద్దు చేశారు. మాకు తెలిసింది మాకు తెలుసని నిరూపించుకోడానికి లాయర్లను పెట్టుకోవాల్సి వచ్చిందన్నమాట. యూరప్‌లో వేప పేటెంట్ ఇంకా మొండిది, 1995లో అభ్యంతరం చెబితే 2005కి గానీ పూర్తిగా వదల్లేదు. ఈలోగా మేం పది ఉగాదులకు వేపపువ్వు కోసుకున్నాం, ఎవర్నీ అడక్కుండానే.

2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని మందుల తయారీని ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, స్పానిష్‌లో పెట్టి పేటెంట్ ఆఫీసులకు అందించారు. మంచి పనే. కానీ అందులోకి ఎక్కింది కూడా మళ్లీ మీ బంధువులే కదండీ, గ్రంథాలు! గూడెంలో చెట్టు బెరడు నలగ్గొట్టి కట్టు కట్టే ముసలాయన నోట్లో ఉన్నది ఏ షెల్ఫులో పెడతారు? మన పేటెంట్ చట్టంలో 3(పి) సెక్షన్ సంప్రదాయ జ్ఞానం అసలు ఆవిష్కరణే కాదంటుంది. తలుపుకి తాళం పడింది సరే, ఆ తాళంతో ఆయన చేతికి పైసా రాదు.

ఒక్క మనవి. మా పిన్ని దగ్గర కడుపునొప్పికి వాము కషాయం ఒకటుంది. మీ మీద ఎక్కిద్దామని కొలతలు అడిగాను. "కొలతేంటే, చూసి వెయ్యడమే" అంది. ఎంత చూడాలో గ్రాముల్లో చెప్పగలరు.

ఇట్లు,
వేలికి పసుపు వదలని ఒక మనవరాలు