సలహాకు డబ్బులా?

పదవీ విరమణ సన్మానంలో కప్పిన శాలువా మడత నలగకముందే బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్ కలిపి ఖాతాలో ఎంత పడిందో ఇంట్లో కొడుక్కీ కోడలికీ ఇంకా తెలియదు. బ్యాంకులో కూర్చున్న కుర్రాడికి తెలుసు. నిన్నటిదాకా పాస్‌బుక్కు ప్రింటుకు వరసలో నిలబెట్టిన శాఖలోనే ఇవాళ ఏసీ గది, మెత్తటి కుర్చీ, కాఫీ. 'మాస్టారూ, ఇది ఎఫ్‌డీ లాంటిదేనండి. ఐదేళ్లకు తీసేసుకోవచ్చు. పైగా బీమా అదనం. ఇక్కడొక సంతకం, ఇక్కడొకటి...' పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి ఉంచిన చోటల్లా సంతకాలు అయిపోతాయి. మరుసటి ఏడాది మళ్లీ 5 లక్షలు కట్టమని ఎస్సెమ్మెస్ వచ్చాకగానీ, తాను వేసింది డిపాజిట్ కాదనీ, జీతం ఆగిపోయిన నెలలో బీమా పాలసీ మొదలుపెట్టాననీ ఆయనకు తెలిసిరాదు. పరుగెత్తుకు వెళ్తే ఆ కుర్రాడు బదిలీ అయి ఉంటాడు. అతణ్ని ఒక్కణ్నే తిట్టీ లాభం లేదు, అతని నెత్తిన టార్గెట్ల కత్తి ఉంది.

తెలుగునాట ఏ పట్టణంలో కదిపినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. చెప్పడం అయ్యాక 'ముందే ఎవరినైనా సలహా అడగాల్సింది' అని నిట్టూరుస్తారు. అడగకేం, అడిగారు. అమ్మేవాడినే అడిగారు.

గుమ్మం ఎటు పెట్టాలో చెప్పిన వాస్తు సిద్ధాంతికి తాంబూలంలో పెట్టి మరీ ఇస్తాం. పొలం దస్తావేజు చూసిపెట్టిన వకీలుకు ఇస్తాం. పెళ్లి సంబంధం కుదిర్చిన పేరయ్యకు అటూ ఇటూ రెండు వైపులా ఇస్తాం. ముప్పై అయిదేళ్ల కష్టార్జితం ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి ఫీజు అడిగితే మాత్రం 'మాటలకు కూడా డబ్బులా?' అంటాం. ఊరికే చెప్పేవాళ్లు ఇంతమంది ఉండగా ఎందుకని మన లెక్క. ఆ ఊరికే చెప్పేవాళ్ల ఇల్లు ఎలా గడుస్తోందని ఆరా తీయం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న ధీమాతో ఉంటాం. వడ్డించేవాడికి కూలి ఎవరిస్తున్నారో చూడం.

ఆ కూలి చిన్నదేం కాదు. బీమా, పొదుపు కలిపి అమ్మే సంప్రదాయ ఎండోమెంట్ పాలసీల్లో మొదటి ఏడాది ప్రీమియంలో పెద్ద ముక్క కమీషన్‌గా పోతుంది. మ్యూచువల్ ఫండ్లలో పెట్టుబడి పెట్టగానే కోసుకునే ఎంట్రీ లోడ్‌ను మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2009లో ఎత్తేసింది. ఏజెంటు ప్రమేయం లేని డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి ఉన్నాయి. ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్‌లో పంపిణీదారు కమీషన్ ఏటా ఖర్చుల్లో కలిసిపోతుంది. ఏ రసీదులోనూ విడిగా కంటపడదు కాబట్టి అది మనది కానట్టే ఉంటుంది. 10 లక్షల రూపాయలు ఏటా 10 శాతం చొప్పున పెరిగితే 20 ఏళ్లకు 67 లక్షలు దాటుతుంది. 9 శాతమే అయితే 56 లక్షల దగ్గర ఆగుతుంది. ఒక్క శాతం తేడాకు 11 లక్షలు! 'ఊరికే' ఇచ్చిన సలహా ఖరీదు అంతవరకూ పోవచ్చు.

కమీషన్ తీసుకున్న ప్రతివాడూ మోసగాడని మేం అనడం లేదు. 2020 మార్చిలో మార్కెట్లు కుప్పకూలినప్పుడు ఇంటికొచ్చి కూర్చుని, 'అమ్మకండి సార్, ఆగండి' అని చేయి పట్టుకున్న పంపిణీదారుకు తాను తిన్న కమీషన్ అరిగినట్టే. అయితే ఆయన మంచితనం మీద ఆధారపడాల్సి రావడమే చిక్కు. అందుకే సెబీ 2013లో పెట్టుబడి సలహాదారుల నిబంధనలు తెచ్చింది. నమోదైన సలహాదారు తీసుకోవాల్సింది క్లయింటు ఇచ్చే ఫీజే. ఒకే కుటుంబానికి సలహా చెబుతూ, వాళ్లకే ఫండ్లు అమ్మి కమీషన్ తీసుకోవడానికి వీల్లేదని 2020లో గీత గీసింది. ఫీజుకూ హద్దు ఉంది. కుటుంబానికి ఏటా ఇంత అని మాట్లాడుకుంటే 1.51 లక్షలు మించకూడదు, ఆస్తి విలువలో వంతుగా అయితే ఏటా రెండున్నర శాతం మించకూడదు.

ఇందులో రెండో పద్ధతికి పెద్దవాళ్లు దూరంగా ఉండటం మేలన్నది మా అభిప్రాయం. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం వడ్డీయే 8.2 శాతం. అందులోంచి రెండున్నర ఇచ్చుకుంటే మూడో వంతుకు కాస్త తక్కువ పోయినట్టు. ఒకసారి కూర్చుని లెక్కలు చూసి, కాగితం మీద రాసిచ్చి, ఫీజు తీసుకుని వెళ్లిపోయే మనిషి చాలు.

అసలు అందరికీ సలహాదారు అక్కర్లేదు. నెల జీతం, ఒక టర్మ్ పాలసీ (పొదుపు కలపని ప్రాణ బీమా), ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, పీఎఫ్, నెలనెలా నిఫ్టీ లాంటి సూచీని అనుసరించే ఒక ఇండెక్స్ ఫండ్‌లో కొంత వేసుకునే పాతికేళ్ల ఉద్యోగి ఆ ఫీజు కూడా ఫండ్‌లోనే వేసుకోవచ్చు. రిటైరైన మనిషి అవసరాలు చిన్నవైతే ఆయనకూ దారి సులువే: సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో ఒక్కరి పేర 9 లక్షలు, జంటగా 15 లక్షలు. మిగతాది రెండు మూడు బ్యాంకుల్లో సర్దుకోవాలి, ఎందుకంటే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే.

సలహా అవసరం పడేది, డబ్బు ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు. అందులోనూ దుఃఖంతోపాటు వచ్చినప్పుడు. భర్త పోయిన మూడో వారానికి బీమా క్లెయిము సొమ్ము ఖాతాలో పడుతుంది. పెద్దకర్మ భోజనాల దగ్గరే మరిది చిట్టీ మాట ఎత్తుతాడు, అన్నయ్య వెంచర్‌లో ప్లాటుందంటాడు, ఎదురింటాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానంటాడు. అందరూ మనవాళ్లే, ఎవరికీ కాదని చెప్పలేకపోతుంది ఆమె. ఫీజు తీసుకున్న పరాయి మనిషి ఆమె తరఫున కాదనగలడు. 'ఆరు నెలలు ఎఫ్‌డీలో ఉండనివ్వండమ్మా, ఎవరికీ మాట ఇవ్వకండి' అన్న ఆ ఒక్క ముక్కకే ఇచ్చిన ఫీజు గిట్టుబాటవుతుంది. రోడ్డుకో ప్రాజెక్టుకో పొలం ఇచ్చి పరిహారం అందుకున్న రైతుదీ, అమెరికా నుంచి సర్దుకుని తిరిగొచ్చేసి రెండు దేశాల పన్నులతో కుస్తీ పట్టే కుటుంబానిదీ ఇదే అవసరం.

మనవాళ్లను నమ్మడం మనకు కొత్త కాదు. విజయవాడ కేంద్రంగా పుట్టిన అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టినవారు పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది. వాళ్లు కట్టింది కంపెనీ పేరు చూసి కాదు, పక్కవీధి ఏజెంటు మొహం చూసి. కూలిపోయాక ఆ ఏజెంట్లే ఊళ్లో తలెత్తుకోలేకపోయారు. చివరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు డిపాజిట్‌దారులకు ఖజానా నుంచి చెల్లించాల్సి వచ్చింది. ఇప్పుడు పక్కవీధి ఏజెంటు స్థానంలోకి యూట్యూబు, టెలిగ్రామ్ గురువులు వచ్చారు. అరచేతిలో వైకుంఠం అదే, తెర మారింది.

మంచి సలహాదారు కావాలంటే దొరుకుతారా అన్నది అసలు ప్రశ్న. ఎల్ఐసీ ఒక్కదానికే దాదాపు 14 లక్షల మంది ఏజెంట్లు. సెబీ వద్ద నమోదైన పెట్టుబడి సలహాదారులు దేశం మొత్తమ్మీద వెయ్యి మంది అటూ ఇటూ. వారిలోనూ ఎక్కువమంది మహానగరాల్లోనే. కడపలోనో ఖమ్మంలోనో రిటైరైన టీచరు ఎక్కడ వెతుక్కోవాలి? ఫోన్‌లో, వీడియోలో మాట్లాడే వీలుందనుకున్నా, ఐఎన్ఏతో మొదలయ్యే నమోదు సంఖ్య సలహాదారుదనీ, ఏఆర్ఎన్ అని ఉంటే పంపిణీదారుదనీ ఆయనకు ఎవరు చెప్పారు? అర్హతల నిబంధనలను సెబీ 2024 చివర్లో సడలించింది. సంఖ్య పెరగడానికి అది ఒక్కటే చాలదు.

రాష్ట్ర ప్రభుత్వాలు చేయగల పని ఒకటుంది, ఖర్చూ పెద్దగా కాదు. పింఛను కాగితాలు విరమణకు నెలల ముందే కదులుతాయి. ఆ ఫైలుతోపాటు ఉద్యోగినీ, జీవిత భాగస్వామినీ ఒక పూట పిలిచి, అమ్ముకునేది ఏమీ లేని మనిషి చేత చెప్పించాలి. భూసేకరణ పరిహారం పంచేటప్పుడూ అంతే. షామియానా లోపల చెక్కులిచ్చి, బయట కార్ల షోరూము వాళ్లకూ వెంచర్ల వాళ్లకూ రైతును అప్పగించి అధికారులు జీపు ఎక్కేస్తే పని అయినట్టు కాదు. ఇక బ్యాంకులు డిపాజిటరు ఖాతాలో ఎంత పడిందో చూసి అమ్మకాల ఫోన్లు చేయకుండా కట్టడి చేసే బాధ్యత రిజర్వ్ బ్యాంకుది.

ఇవన్నీ జరిగేలోగా, ఈమధ్య మొహమాటానికి సంతకాలు పెట్టినవారు ఒకసారి బీరువా తెరవాలి. పాలసీ బాండు వచ్చిన కవరును పసుపు కుంకుమ పెట్టి, చించకుండా లోపల దాచిన ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ బాండు చేతికి అందిన రోజు నుంచి 30 రోజులు ఫ్రీలుక్ గడువు. ఈలోగా వద్దని రాసిస్తే కొద్దిపాటి కోతలు పోను కట్టిన సొమ్ము వెనక్కి వస్తుంది. కంపెనీ కాదంటే హైదరాబాద్‌లో ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది.