అలకపాన్పు దిగని అల్లుడు గారికి

శ్రీయుత ప్రైవేటు పెట్టుబడి గారికి, ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి అత్తవారి తరఫు నమస్కారాలు.

ఆస్పత్రుల్లోకి దయచేయమని ప్రభుత్వాలు మీకు పెడుతున్న లాంఛనాలు చూస్తుంటే మాకే ముచ్చటేస్తోంది. నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడికి 2000లోనే తలుపులు బార్లా తీశారు. 2020లో కట్నం పెంచారు. ఆరోగ్య రంగంలో పైలట్ ప్రాజెక్టు పెడితే పెట్టుబడి వ్యయంలో 80 శాతం దాకా, మొదటి ఐదేళ్ల నిర్వహణలో సగం దాకా కేంద్రం, రాష్ట్రం కలిసి ఇస్తామన్నాయట. ఇక పెట్టుబడి మీదని ఎందుకంటారో మాకు తెలీదు. అదే ఏడాది నీతి ఆయోగ్ ముసాయిదా జిల్లా ఆస్పత్రినే 60 ఏళ్లకు మీ చేతిలో పెట్టి, మెడికల్ కాలేజీ కట్టుకోమంది. అందులో పడకలు రెండు రకాలు: నియంత్రిత పడకలు (ఉచిత వైద్యానికి), మార్కెట్ పడకలు (మార్కెట్ రేటుకి). ఏ రకం మీద ఎవరిని పడుకోబెడతారో అడగడం మర్యాద కాదు.

ఇంతా ఇచ్చినా మీరు భువనేశ్వర్, విశాఖ లాంటి నగరాలు వదిలి ఇటు రావడానికి తటపటాయిస్తారు. తప్పంతా మీదే అనం. గుండె రక్తనాళాలకు చికిత్స చేసే క్యాత్‌ల్యాబ్ నడవాలంటే ఒక్క కార్డియాలజిస్టు చాలడు. ఆయన సెలవు పెడితే ఇంకొకరుండాలి, టెక్నీషియన్లుండాలి, రోజూ కేసులుండాలి. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు క్లెయిము 15 రోజుల్లో చెల్లించాలన్నది నిబంధన. ఆ డబ్బు నెలల తరబడి ఆగితే కార్పొరేట్ ఆస్పత్రి తట్టుకుంటుంది, ఇరవై పడకల నర్సింగ్‌హోం మూతపడుతుంది.

అన్నట్టు, ఆ కార్డు సంగతి. 2025లో ఒడిశా కూడా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు ఇంకో 5 లక్షలు. జాబితాలో ఉన్న ఆస్పత్రైతే విశాఖలోనూ చెల్లుతుంది. అంటే మీరు రానక్కర్లేకుండా మమ్మల్నే మీ గుమ్మానికి పంపే ఏర్పాటు చేశారు! బండి కిరాయి, తోడొచ్చినవాళ్ల తిండి, చేరకుండా చూపించుకున్న ఓపీ ఖర్చు మాత్రం మావే.

మీరు జిల్లా ఆస్పత్రుల దాకా వచ్చిన చోటు ఒకటుంది: డయాలసిస్. 2016 నాటి జాతీయ కార్యక్రమం ప్రకారం గది, కరెంటు, నీళ్లు ప్రభుత్వానివి. మిషన్లు, ఆర్‌వో (నీటిశుద్ధి) ప్లాంటు, రక్తం వడకట్టే డయలైజర్లు, సిబ్బంది మీవి. బిల్లు ఒక్కో సెషన్‌కి. ఉద్దానం సరిహద్దు అవతలే ఉంది కాబట్టి కిడ్నీ జబ్బంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఒక్కో డయాలసిస్ సెషన్‌కి, నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల శుద్ధమైన ద్రవం కావాలి. ఆర్‌వో వదిలేసే నీళ్లు దానికి అదనం. కార్బన్ ఫిల్టర్ అరిగిపోతే కుళాయి నీళ్లలోని క్లోరమిన్ (క్రిమిసంహారక రసాయనం) దాటుకొచ్చి ఒంట్లో ఎర్ర రక్తకణాలు పగులుతాయి. అందుకే ప్రతి షిఫ్టుకి ముందు నీటి పరీక్ష చెయ్యాలి. కరెంటు పోయి, మిషన్ బ్యాటరీ కూడా అయిపోతే పంపు చేత్తో తిప్పి ట్యూబుల్లోని రక్తాన్ని మనిషికి తిరిగి ఎక్కించాలి, లేదంటే అక్కడే గడ్డకడుతుంది. చేతిలో సిరను ధమనికి కలిపి ఫిస్టులా వేస్తే సూది గుచ్చడానికి వీలయ్యేసరికి నెలన్నర, రెండు నెలలు. అందాకా మెడలో కేథటర్ (గొట్టం) ఉంటుంది, అది ఎన్నాళ్లుంటే ఇన్‌ఫెక్షన్ భయం అంత. మీ బిల్లులో సెషన్లకు లెక్కుంది, ఫిస్టులాకి లేదు. అందుకే ఆ కేథటర్ తీయించాలన్న తొందర ఎవరికీ ఉండదు.

కాబట్టి ఈసారి ఒప్పందం మేం రాస్తాం. ఫిస్టులా ఉన్న రోగుల శాతాన్ని బట్టి చెల్లింపు. సెషన్ నాలుగు గంటలకు తగ్గితే కోత. క్లోరమిన్ పరీక్ష ఫలితం షిఫ్టు షిఫ్టుకీ తలుపు మీద తెలుగులో, ఒడియాలో అతికించాలి. ప్రభుత్వం బిల్లు ఆలస్యం చేస్తే వడ్డీ కడుతుంది, మీరు మాత్రం డయలైజర్ల సరఫరా ఆపకూడదు.

కరెంటు పూచీ ప్రభుత్వానిదని రాశారు గానీ, కరెంటు పోతే జనరేటర్ ఎవరిదో మాకు తెలీదు. ముహూర్తం పెట్టుకునే ముందు డీజిల్ ఎవరు పోయిస్తారో తేల్చి కబురు పెట్టండి.

ఇట్లు,
పర్లాకిమిడి అత్తవారు