శాశ్వతం, అనగా పదేళ్లు

నిఘంటువులో పర్మనెంట్ అంటే శాశ్వతం. అమెరికా ఇమ్మిగ్రేషన్ వారి గ్రీన్ కార్డు, అనగా పర్మనెంట్ రెసిడెంట్ కార్డు మీద మాత్రం పదేళ్లు. ఎందుకని అడక్కండి, శాశ్వతానికి కూడా ఎక్స్‌పైరీ డేటు ఉండాలని పెద్దలు నిర్ణయించారు.

కొత్త దంపతుల శాశ్వతం ఇంకా పొట్టిది. పెళ్లయి రెండేళ్లు నిండకముందే జీవిత భాగస్వామి తరఫున కార్డు వస్తే దాని ఆయుష్షు రెండేళ్లే. ఆ గడువులోని చివరి 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751, అనగా కార్డు మీది షరతులు తీసేయమనే ఫారం పెట్టాలి. ఏడడుగులు, అరుంధతీ నక్షత్రం సాక్ష్యానికి ఆనవు. ఇద్దరి పేర్లున్న బ్యాంకు ఖాతా, అద్దె అగ్రిమెంటు, ఉమ్మడి టాక్స్ రిటర్న్ కావాలి. కరెంటు బిల్లులో ఇద్దరి పేర్లుంటే ఆ కాపురం ధన్యం. రెన్యువలే కదా అని దీని బదులు ఐ-90 అనే మామూలు రెన్యువల్ ఫారం పెట్టినవాళ్లకు ఫీజూ తిరిగిరాదు, గడువూ ఆగదు.

పదేళ్ల కార్డుకే ఐ-90. గడువుకు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 2024 ఏప్రిల్ రేట్ల ప్రకారం ఆన్‌లైన్‌లో 415 డాలర్లు, కాగితం మీద 465. కలం పట్టిన పాపానికి యాభై. రసీదు రాగానే గడువు తీరిన కార్డుకు మరో 36 నెలల ఆయుష్షు. పాత కార్డు, ఆ కాగితం జంటగా చూపించాలి. విడదీస్తే రెండూ ఉత్తవే.

అసలు గమ్మత్తు వేరే. కార్డు గడువు తీరినా శాశ్వత నివాసి హోదా పోదు. హోదా పోయినా కార్డు మీద తేదీ నిక్షేపంగా ఉంటుంది. ఆరు నెలలకోసారి వెళ్లి మొహం చూపిస్తే చాలని గుంటూరులో హాయిగా ఉండే అమ్మానాన్నలకు ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు. అధికారి చూసేది తేదీని కాదు, ఇల్లెక్కడ, పన్నెక్కడ అని. అమెరికా బయట ఏడాది దాటి ఉండాలంటే బయల్దేరకముందే, అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కు, అనగా తిరిగి రావడానికి అనుమతి పత్రానికి దరఖాస్తు చేయాలి. అది మామూలుగా రెండేళ్లు చెల్లుతుంది. ఎయిర్‌పోర్టులో ఐ-407, అనగా హోదా వదులుకుంటున్నానని రాసిచ్చే ఫారం చేతికిచ్చి సంతకం పెట్టమంటే కంగారుపడి గీకేయకండి. పెట్టకపోతే తేల్చాల్సింది ఇమ్మిగ్రేషన్ జడ్జి.

నిజమైన చిరంజీవులూ లేకపోలేదు. 1977 నుంచి 1989 ఆగస్టు దాకా ఇచ్చిన కొన్ని కార్డుల మీద గడువు తేదీయే లేదు. ఫొటోలోని నల్లమీసాల కుర్రాడు ఇప్పుడు తాతయ్యాడు. కార్డు ఇంకా చెల్లుతోంది, పోలిక పట్టడం అధికారి ఖర్మ.